జూలైలో పగలు పెద్దది, డిసెంబరులో చిన్నది. మరి సోలార్ యూనిట్లు డిసెంబరులోనే ఎక్కువేమిటి?

మేడమీద_సోలార్
విశాఖ ఎంవీపీ కాలనీలో సొంత ఇల్లు. నిరుడు వేసవికి ముందు మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాను. దక్షిణం వైపు వాలు, 18 డిగ్రీలు అని పెట్టినతను చెప్పాడు. మార్చిలో రోజుకి 14 యూనిట్ల దాకా వచ్చేసరికి ఇంట్లో అందరం తెగ సంబరపడ్డాం. జూలైలో సగటు 9 దాటలేదు. సరే వానలు అనుకున్నా. కానీ డిసెంబరులో 12 వచ్చింది! జూన్, జూలైలో పొద్దున్న ఐదున్నరకే ఎండ వచ్చేస్తుంది, సాయంత్రం ఆరున్నర దాకా వెలుతురే. డిసెంబరులో ఐదున్నరకి లైట్లు వేసుకుంటాం. పగలు పెద్దగా ఉన్న నెలలో తక్కువా, చిన్నగా ఉన్న నెలలో ఎక్కువా? పెట్టినతన్ని అడిగితే "సీజన్ని బట్టి ఉంటుంది సార్" అని ఫోన్ పెట్టేశాడు. వాలు తప్పు పెట్టారా, ఇన్వర్టర్‌లో ఏమైనా తేడా ఉందా, తెలిసినవాళ్ళు చెప్పండి.

కంచరపాలెం_కుర్రోడు
జూలైలో అసలు సూర్యుడు కనపడ్డాడా గురూ? వర్షాకాలంలో నా బట్టలే ఆరవు, నీకు యూనిట్లు కావాలా.

మేడమీద_సోలార్
వాన పడ్డ రోజులు పక్కన పెట్టే అడుగుతున్నాను. మబ్బు లేని రోజులు జూన్‌లోనూ జూలైలోనూ కొన్ని వచ్చాయి. యాప్‌లో గ్రాఫ్ గుండ్రంగా, ఎక్కడా గుంట లేకుండా ఉంది. అయినా మార్చి రోజంత రాలేదు.

గాజువాక_ఎలక్ట్రికల్
ఇన్వర్టర్ తేడా అయితే గ్రాఫ్ మధ్యలో తెగిపోతుంది, లేదా పైన కత్తిరించినట్టు చదునుగా ఉంటుంది. గుండ్రంగా ఉందంటే మిషన్ బాగానే ఉంది. మొదటి అనుమానం వేడి. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన ఎండల్లో ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, చెయ్యి పెడితే కాలుతుంది. ఒక్కో డిగ్రీ పెరిగితే 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. లెక్కేసుకోండి, 35 డిగ్రీలు ఎక్కువైతే 10 నుంచి 14 శాతం గాలికి పోయినట్టే. డిసెంబరులో చల్లగా ఉంటుంది కాబట్టి ఆ నష్టం తక్కువ.

భీమిలి_రాజు
మార్చిలో వేడి లేదా మరి? మార్చిలో 14 వచ్చాయంటున్నారు కదా ఆయన. వేడి ఒక్కటే కారణం కాదు.

వాల్తేరు_వాకర్
చలికాలంలో సూర్యుడు దూరంగా ఉంటాడు, అందుకే ఎండ మెత్తగా ఉంటుంది. మీ డిసెంబరు లెక్కే తప్పేమో చూడండి.

పాత_లెక్చరర్
వాల్తేరు గారూ, అది తిరగేసి ఉందండి. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, 14.7 కోట్ల కిలోమీటర్లు. అన్నిటికన్నా దూరం వెళ్ళేది జూలై మొదటి వారంలో, 15.2 కోట్లు. దానివల్ల మనకి జూలైలో కంటే జనవరిలో వెలుతురు 7 శాతం దాకా ఎక్కువే అందుతుంది. కాలాలు దూరాన్ని బట్టి రావు, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్ల వస్తాయి. మేడమీద గారి ప్రశ్న చాలా మంచిది, సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

కంచరపాలెం_కుర్రోడు
మాస్టారు సాయంత్రం అన్నారంటే హోంవర్క్ ఖాయం.

సీతమ్మధార_గృహిణి
మాకూ 3 కిలోవాట్లే. సబ్సిడీ 78,000 వచ్చింది కదా అని పెట్టించాం. మాకు మాత్రం డిసెంబరులోనే బాగా తక్కువ! మధ్యాహ్నం దాకా బాగానే ఎక్కి, రెండున్నర దాటేసరికి పడిపోతుంది. జూన్‌లో అలా లేదు. అంటే మేడమీద గారికి పూర్తిగా రివర్స్. ఇదేం లెక్క?

గాజువాక_ఎలక్ట్రికల్
మీ మేడ మీద నీళ్ళ ట్యాంకు ఏ మూల ఉందండీ?

సీతమ్మధార_గృహిణి
నైరుతి మూల. అందరికీ అక్కడే కదా ఉంటుంది, వాస్తు ప్రకారం.

గాజువాక_ఎలక్ట్రికల్
దొరికింది. అది నీడ. విశాఖలో నేను చూసిన సగం ఇళ్ళలో ఇదే గొడవ. వాస్తు ప్రకారం బరువూ ఎత్తూ నైరుతిలో పెడతారు, అంటే ట్యాంకు, దాని పక్కన మెట్ల గది. డిసెంబరులో మధ్యాహ్నం మూడు దగ్గరకి సూర్యుడు కూడా సరిగ్గా నైరుతి దిక్కుకే వస్తాడు, ఎత్తు 30 డిగ్రీలే. ప్యానెల్ మట్టం కంటే 2 మీటర్లు ఎత్తున్న ట్యాంకు నీడ అప్పుడు మూడున్నర మీటర్లు సాగి, ఈశాన్యం వైపు పడుతుంది. ఈశాన్యంలో బరువు ఉండకూడదని మనవాళ్ళు ఖాళీగా వదిలేస్తారు, ఖాళీగా ఉంది కదా అని ప్యానెళ్ళు తెచ్చి అక్కడే పెడతారు. జూన్‌లో అదే మూడు గంటలకి సూర్యుడు 47 డిగ్రీల ఎత్తులో, పడమరకి ఇంకాస్త ఉత్తరంగా ఉంటాడు, కాబట్టి నీడ పొట్టిగా వేరే పక్కకి పోతుంది. మీకు వేసవిలో ఇబ్బంది లేకపోవడానికి అదే కారణం.

సీతమ్మధార_గృహిణి
ఒక్క ప్యానెల్ మీద నీడ పడితే మొత్తం పడిపోతుందా? పడేది చివరి రెండింటి మీదే.

గాజువాక_ఎలక్ట్రికల్
అన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కదా, ఒకదానిలో కరెంటు తగ్గితే మిగతావాటిని కూడా లాగుతుంది. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుని పక్కనుంచి పంపే బైపాస్ డయోడ్లు ఉంటాయి కాబట్టి మొత్తం ఆగిపోదు, కానీ నీడ ఎంత పడిందో దానికి మించి నష్టం ఉంటుంది. ట్యాంకు కదపమని నేను చెప్పను, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు. ప్యానెళ్ళ స్టాండు ఎత్తు పెంచడమో, ఆ రెండింటినీ వేరే చోటికి మార్చడమో చేయండి. మార్చేముందు డిసెంబరులో ఒక ఆదివారం ఉదయం 9కీ, మధ్యాహ్నం 12కీ, 3కీ మేడెక్కి సుద్దముక్కతో నీడ గీతలు గీసుకోండి. పెట్టేవాళ్ళు ఎండాకాలంలో వచ్చి చూసి నీడ లేదు అని రాసుకుపోతారు, అసలు చూడాల్సింది డిసెంబరులో.

భీమిలి_రాజు
సుద్దముక్క సలహా బాగుంది. మా పిట్టగోడ కూడా చూడాలి.

మర్రిపాలెం_మామ
వాస్తు మీద ఎగతాళి వద్దు. నైరుతిలో ఎత్తు ఉంటే మధ్యాహ్నం ఎండ ఇంటిమీద పడకుండా అడ్డుకుంటుంది, పెద్దలు ఊరికే పెట్టలేదు. అప్పుడు సోలార్ లేదు మరి.

గాజువాక_ఎలక్ట్రికల్
ఎగతాళి ఎవరు చేశారు మామా? మా ఇంట్లో కూడా ట్యాంకు నైరుతిలోనే ఉంది.

పాత_లెక్చరర్
మేడమీద గారి ప్రశ్నకి వస్తాను. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. జూన్ 21 ప్రాంతంలో మనకి పగలు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు 21 ప్రాంతంలో 11 గంటల 4 నిమిషాలు. తేడా రెండు గంటలే. మబ్బులు, గాలి లేవనుకుని లెక్క కడితే, చదునుగా ఉన్న మేడ మీద చదరపు మీటరుకి జూన్‌లో రోజుకి 10.8 యూనిట్ల శక్తి పడాలి, డిసెంబరులో 7.5. పగటి పొడవు 19 శాతమే ఎక్కువ, శక్తి మాత్రం 45 శాతం దాకా ఎక్కువ. మిగిలినదంతా కోణం చేసిన పని. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 84 డిగ్రీల ఎత్తులో, దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో 49 డిగ్రీలే. ఏటవాలుగా వచ్చే ఎండ ఎక్కువ జాగాలో పరుచుకుని పలచబడుతుంది. అనుమానం ఉంటే ఒక అట్టముక్క ఎండకి ఎదురుగా పట్టి, దాని వెనక అంతే నిటారుగా ఇంకో అట్ట పట్టుకుని నీడ చూడండి. ముందున్నదాన్ని వంచేకొద్దీ నీడ సన్నబడుతుంది. ఆ నీడ ఎంత ఉందో అట్ట పట్టిన వెలుతురు అంతే.

ఇదంతా చదునైన మేడకి. మీ ప్యానెల్ చదునుగా లేదు, దక్షిణానికి 18 డిగ్రీలు వాలి ఉంది, అంటే మన అక్షాంశమంత. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి 41 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు, ప్యానెల్ 18 అటే చూస్తుంది, మిగిలిన తేడా 23. జూన్ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి ఇంచుమించు 6 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు, ప్యానెలేమో 18 దక్షిణంగా చూస్తుంది, కలిపితే 24. అంటే మీ ప్యానెల్‌కి రెండు నెలల్లోనూ మధ్యాహ్నపు సూర్యుడు ఒకే కోణంలో తగులుతున్నాడు! జూన్‌కి ఉండాల్సిన ఆధిక్యం వాలుతోనే పోయింది.

ఇంకొకటి. జూన్‌లో సూర్యుడు ఉదయించేది నిఖార్సయిన తూర్పున కాదు, 25 డిగ్రీలు ఉత్తరంగా. అస్తమించేదీ అలాగే. పొద్దున్న మొదటి అరగంట పైన, సాయంత్రం చివరి అరగంట పైన ఎండ మీ ప్యానెల్ వీపు మీద పడుతుంది. అక్షాంశమంత వాలు పెట్టిన ప్యానెల్‌కి ఏడాదిలో ఏ రోజూ 12 గంటలకి మించి నేరుగా ఎండ అందదు. మీరు లెక్కలో వేసుకుంటున్న ఆ పెద్ద పగటిలో అదనపు గంట దానికి దక్కదన్నమాట. డిసెంబరులో పగలు చిన్నదే, కానీ ఉన్న 11 గంటలూ ముఖం మీదే. దానికి జనవరి దగ్గరతనం ఓ 7 శాతం తోడు. గాలి, మబ్బు తీసేసి చూస్తే మీ వాలులో జూన్ కంటే డిసెంబరే 5, 6 శాతం ముందుంటుంది. గాలి పొరలో డిసెంబరు కిరణాలు కాస్త ఎక్కువ దూరం రావాలి కాబట్టి ఆ లాభం కొంత కరిగిపోతుంది, అంతే.

మార్చిలో, సెప్టెంబరులో సూర్యుడు భూమధ్యరేఖ మీద ఉన్నప్పుడు మీ ప్యానెల్‌కి మధ్యాహ్నం సరిగ్గా ఎదురుగా నిలబడతాడు. మార్చిలో మబ్బు కూడా ఉండదు. అందుకే 14. సెప్టెంబరులో కోణం అదే, కానీ నైరుతి రుతుపవనాలు ఇంకా ఇక్కడే ఉంటాయి.

మేడమీద_సోలార్
రెండుసార్లు చదివాను మాస్టారూ. వీపు మీద ఎండ పడుతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. అంటే వాలు తప్పేమీ లేదంటారు.

పాత_లెక్చరర్
తప్పు లేదు. ఏడాది మొత్తానికి మనకి 15 నుంచి 18 మధ్య సరైనదే.

కంచరపాలెం_కుర్రోడు
హోంవర్క్ అన్నానా లేదా.

లాసన్స్‌బే_అద్దె
ఇన్నాళ్ళకి నా ప్రశ్నకి కూడా జవాబు దొరికింది. ఉత్తరం బాల్కనీ, ఎండ రాదు, చల్లగా ఉంటుంది అని చెప్పి ఇల్లు అద్దెకిచ్చారు. మే నెల నుంచి పొద్దున్నా సాయంత్రం ఎండ బాల్కనీలోనే కాపురం. ఓనరు గారిని అడిగితే "ఈ ఏడాది ఎండలు అలా ఉన్నాయి" అన్నారు. సూర్యుడే ఉత్తరానికి వచ్చాడన్నమాట!

పాత_లెక్చరర్
మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా ఉదయం, సాయంత్రం ఉత్తరపు గోడకి ఎండ తగులుతుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం కూడా సూర్యుడు మనకి ఉత్తరంగానే ఉంటాడు. ఆ రెండు సరిహద్దు రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన వస్తాడు, నిలువు కర్రకి నీడే ఉండదు. విశాఖలో అది మే 11, ఆగస్టు 2 అటూ ఇటూ. ఆగస్టులో మబ్బు వల్ల చూడటం అదృష్టం. మేలో పిల్లలకి చూపించండి, నిటారుగా నిలబెట్టిన ఒక గొట్టం చాలు. హైదరాబాద్, విశాఖ అక్షాంశాలు దగ్గర దగ్గరే కాబట్టి అక్కడా దాదాపు అవే తేదీలు.

భీమిలి_రాజు
సరిగ్గా పన్నెండింటికి చూడాలా?

పాత_లెక్చరర్
గడియారం పన్నెండుకి కాదు. మే 11న మనకి సౌర మధ్యాహ్నం, అంటే సూర్యుడు ఆ రోజుకి అన్నిటికన్నా ఎత్తుకి వచ్చే క్షణం, 11 గంటల 53 నిమిషాలకి వస్తుంది. మన దేశ సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర్లోంచి పోతుంది. మనం దానికి కాస్త తూర్పున, 83.3 దగ్గర ఉన్నాం, అందుకే 3 నిమిషాలు ముందు. మిగతా తేడా భూమి వేగంలో మార్పు, అక్షం వంపు కలిసి చేసేది. ఏడాదిలో మన సౌర మధ్యాహ్నం నవంబరు మొదట్లో 11:40 నుంచి ఫిబ్రవరి మధ్యలో 12:11 దాకా ఊగుతుంది.

సీతమ్మధార_గృహిణి
ఆగండాగండి, అయితే ఇది చెప్పండి. డిసెంబరు 21 అన్నిటికన్నా చిన్న పగలు అంటారు. కానీ నాకు సాయంత్రం తొందరగా చీకటి పడేది కార్తీక మాసంలో అనిపిస్తుంది, తులసి కోట దగ్గర దీపం పెట్టేసరికి ఐదున్నర కూడా కాదు. పొద్దున్నేమో సంక్రాంతి అయిపోయాక కూడా పిల్లల స్కూల్ బస్సు టైముకి చీకటి చీకటిగానే ఉంటుంది. నా భ్రమా?

పాత_లెక్చరర్
భ్రమ కాదు, మీరు చాలామంది కంటే బాగా గమనించారు. విశాఖలో సూర్యాస్తమయం అన్నిటికన్నా ముందు జరిగేది నవంబరు మూడు నాలుగు వారాల్లో, సాయంత్రం 5:20కి. డిసెంబరు 21 నాటికే అది 5:27 అవుతుంది. సూర్యోదయం అన్నిటికన్నా ఆలస్యం జనవరి నాలుగో వారంలో, 6:30 దాటి. మధ్యాహ్నమే జరుగుతూ ఉంటుంది కదా, పైన చెప్పిన 11:40 నుంచి 12:11. పగలు చిన్నదయ్యే లోపలే మొత్తం పగలు గడియారంలో ఆలస్యం వైపుకి జరుగుతుంది. సాయంత్రాలు ముందే కోలుకుంటాయి, ఉదయాలు ఆలస్యంగా.

వాల్తేరు_వాకర్
బీచ్ రోడ్డులో రోజూ నడుస్తాను, ఇది నిజం. జనవరిలో పొద్దున్న 6కి మా గుంపు సగం కూడా రాదు. ఇంకో సంగతి, సముద్రం మీద సూర్యుడు వచ్చే చోటు కూడా మారుతుంది. జూన్‌లో బాగా ఎడమకి, రుషికొండ పక్కకి జరిగి వస్తాడు, డిసెంబరులో కుడికి. నేను ఒకే బెంచీ మీద కూర్చుంటాను కాబట్టి తెలుస్తుంది.

భీమిలి_రాజు
నడవడానికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంటారా?

వాల్తేరు_వాకర్
65 దాటాక తెలుస్తుంది రాజూ.

సిక్కోలు_చిన్నోడు
మా అరసవల్లి గుడిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది కూడా ఇందుకేనా? మార్చి రెండో వారంలో ఒకసారి, మళ్ళీ అక్టోబరు మొదట్లో ఒకసారి. మబ్బు లేకపోతే జనం తోసుకుంటూ ఉంటారు.

పాత_లెక్చరర్
అదే అండీ. మార్చి 20కి పది రోజుల ముందు, సెప్టెంబరు 23కి పది రోజుల తరువాత సూర్యుడు ఆకాశంలో ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు, తూర్పుకి కొద్దిగా దక్షిణంగా. ఒకే ద్వారం గుండా ఏడాదికి రెండుసార్లు రావడం తప్పనిసరి. గుడి కట్టినవాళ్ళకి ఈ లెక్క తెలుసు.

సిక్కోలు_చిన్నోడు
మాకు రథసప్తమి ఒక్కటే పెద్ద పండుగ అనుకుంటారు ఇక్కడివాళ్ళు, మిగతా రెండూ కూడా చూడాల్సిందే.

మర్రిపాలెం_మామ
అయితే ఉత్తరాయణం సంక్రాంతికి మొదలవుతుందా, డిసెంబరులోనా? మాస్టారు డిసెంబరు 21 అంటున్నారు, పంచాంగం జనవరి 14, 15 అంటుంది.

పాత_లెక్చరర్
సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22లో. సంక్రాంతి అంటే సూర్యుడు మకర రాశిలోకి వెళ్ళడం, అది నక్షత్రాలను బట్టి లెక్క. భూమి అక్షం నెమ్మదిగా, సుమారు 26,000 ఏళ్ళకి ఒకసారి గుండ్రంగా తిరుగుతుంది, దానివల్ల 72 ఏళ్ళకి ఒక డిగ్రీ చొప్పున రెండూ దూరమవుతున్నాయి. ఇప్పుడు తేడా 24 డిగ్రీలు. అంటే సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున ఉండేవి. పంచాంగకర్తలకి ఇది కొత్త సంగతి కాదు, అయనాంశ అని పేరు పెట్టి లెక్కలో వాడతారు.

మర్రిపాలెం_మామ
సరే. నా గాలిపటం మాత్రం సంక్రాంతికే.

బోస్టన్_విశాఖ
మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది. నేను ఉండేది 42 డిగ్రీల అక్షాంశం దగ్గర. డిసెంబరులో పగలు 9 గంటలు, సాయంత్రం నాలుగుంబావుకే సూర్యాస్తమయం, మధ్యాహ్నం సూర్యుడు 24 డిగ్రీల ఎత్తుకి మించడు. ఆఫీసు నుంచి బయటికి వచ్చేసరికి అర్ధరాత్రిలా ఉంటుంది. జూన్‌లో మళ్ళీ 15 గంటల పగలు. ఇక్కడ ప్యానెళ్ళు జూన్‌కీ డిసెంబరుకీ మధ్య రెండింతలు పైన తేడా చూపిస్తాయి, పైగా మంచు కప్పేస్తుంది. మీ 14, 12, 9 లెక్క మాకైతే పండగే.

కంచరపాలెం_కుర్రోడు
అన్నా నువ్వు వచ్చేటప్పుడు ఆ మంచు కొంచెం పట్టుకురా, మేలో ప్యానెళ్ళ మీద చల్లుకుంటాం.

అనకాపల్లి_బెల్లం
నీళ్ళ మీద ప్యానెళ్ళు పెట్టేది ఆ చల్లదనం కోసమే. మన దగ్గర ముడసర్లోవ రిజర్వాయరు మీద 2 మెగావాట్లది ఉంది, మేఘాద్రిగెడ్డ మీద 3 మెగావాట్లది. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటు రిజర్వాయరు మీద 2021 ఆగస్టు నుంచి 25 మెగావాట్లు తేలుతోంది. నీళ్ళు ఆవిరవడం తగ్గుతుంది, కింద నుంచి చల్లగా ఉంటుంది, నీడ పడే చెట్టూ ట్యాంకూ ఉండవు.

పెందుర్తి_తోట
వాలు ఏడాదికి రెండుసార్లు మారిస్తే? నా దగ్గర స్టాండుకి చిల్లులున్నాయి, బోల్టు మార్చి 5 డిగ్రీలు, 30 డిగ్రీలు చేసుకోవచ్చు. వీడియోల్లో చాలా లాభం అంటున్నారు.

గాజువాక_ఎలక్ట్రికల్
చాలా ఏమీ లేదు. జూన్‌లో, డిసెంబరులో మధ్యాహ్నం 23 డిగ్రీల తేడా ఉన్నా పోయేది 8 శాతం. ఏడాది మొత్తానికి చూస్తే 4 శాతం దగ్గర మిగులుతుంది. పైగా మీరు వాలు తగ్గించి లాభం చూసుకోవాల్సిన నెలల్లోనే మబ్బు. మబ్బులో వెలుతురు అన్ని దిక్కుల నుంచీ వస్తుంది, అప్పుడు కోణానికి పెద్ద విలువ లేదు. 3 కిలోవాట్లకి ఆ 4 శాతం అంటే రోజుకి అర యూనిట్ కూడా కాదు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన బోల్టు విప్పేటప్పుడు విరిగితే ఆ ఖర్చు ఎక్కడ?

పెందుర్తి_తోట
పెందుర్తిలో అంత ఉప్పుగాలి ఉండదు. అర యూనిట్ అయినా నెలకి 15 కదా, శనివారం సాయంత్రం పావుగంట పని.

గాజువాక_ఎలక్ట్రికల్
నాకు అభ్యంతరం లేదు. కానీ 30 డిగ్రీల వాలు పెట్టి అక్టోబరులో తుపాను వస్తే? 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ గుర్తుందా? నిలబెట్టిన రేకు ఏదీ మిగల్లేదు. వాలు పెరిగేకొద్దీ గాలి కింద నుంచి పట్టి లేపుతుంది. సముద్రం దగ్గర ఇళ్ళకి నేను 10, 12 డిగ్రీలకి మించి పెట్టను, ఆ రెండు శాతం పోయినా ఫరవాలేదు అని ముందే చెప్తాను. మీరు మార్చాలనుకుంటే డిసెంబరు వచ్చాక 30 చేయండి, తుపాన్ల కాలంలో వద్దు.

భీమిలి_రాజు
హుద్‌హుద్‌కి మా ట్యాంకు పక్కవీధిలో దొరికింది. నేను గాజువాక గారి పక్షం.

పెందుర్తి_తోట
నవంబరు దాటాకే మారుస్తాను. ఇంతకంటే తగ్గను.

వన్‌టౌన్_పాతకాపు
అందరూ డిగ్రీలు అంటున్నారు, తుడవడం ఎవరూ మాట్లాడరేం? మా వైపు నల్లదుమ్ము సంగతి మీకు తెలుసు. చలికాలంలో వాన పడదు, రాత్రి మంచుకి దుమ్ము తడిసి అట్టకట్టేస్తుంది. వారానికి ఒకసారి తుడవకపోతే మీ కోణాల లాభమంతా దానికే పోతుంది. పొద్దున్నే ఎండ ఎక్కకముందు మామూలు నీళ్ళు, మెత్తటి గుడ్డ. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు కొట్టొద్దు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే తెల్లమరక పడుతుంది, చివర్లో మంచినీళ్ళు ఒక బకెట్ పోయండి.

సీతమ్మధార_గృహిణి
ఇది ముందే చెప్పాల్సింది, మేం బోరు నీళ్ళే వాడుతున్నాం.

కంచరపాలెం_కుర్రోడు
ఒక డౌట్. మే 11కే సూర్యుడు నడినెత్తిన వస్తే, రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం మే చివర్లో ఏమిటి? ఎండ ఎక్కువున్నప్పుడే వేడి ఎక్కువ ఉండాలి కదా.

పాత_లెక్చరర్
మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి నడినెత్తికి 6 డిగ్రీల లోపలే ఉంటాడు. వచ్చే శక్తి రోజురోజుకీ పెద్దగా మారదు, కానీ నేల, గోడలు ఆ వేడిని దాచుకుంటూ పోతాయి, పోయేదానికంటే వచ్చేది ఎక్కువగా ఉన్నన్నాళ్ళూ ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుంది. జూన్ రెండో వారం దగ్గర రుతుపవనాలు వచ్చి ఆపకపోతే ఇంకా పెరిగేది. శివరాత్రి దాకా చలి ఉండటం కూడా ఇలాంటిదే, డిసెంబరులోనే సూర్యుడు తిరిగినా నేల వేడెక్కడానికి టైం పడుతుంది. అందుకే ప్యానెల్‌కి మంచి నెల, మనకి ఉక్కపోసే నెల వేరు వేరు.

ఇంకో మాట, పక్కదారి అనుకోకండి. ఈ లెక్కలకి మన ఊరు కొత్త కాదు. 1840 ప్రాంతంలోనే గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టారు. తరువాత అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా వెళ్ళడాన్ని అక్కడి నుంచి చూశారు. ఇప్పుడు డాబాగార్డెన్స్ అంటే ట్రాఫిక్ ఒక్కటే గుర్తొస్తుంది.

లాసన్స్‌బే_అద్దె
ఇది నాకు అస్సలు తెలీదు మాస్టారూ. దీని మీద వేరే చర్చ పెట్టండి.

అనకాపల్లి_బెల్లం
మా చెల్లెలు వాళ్ళకి సోలార్ గీజరు పెట్టాలి. దానికీ ఇదే 18 డిగ్రీలా?

గాజువాక_ఎలక్ట్రికల్
కాదు. కరెంటయితే ఏ నెలలో వచ్చినా నెట్ మీటరులో (మనం పంపినవీ వాడినవీ రెండూ లెక్కించే మీటరు) జమ అవుతుంది, వేడినీళ్ళు అలా కాదు. మేలో ఎవరికీ అక్కర్లేదు, డిసెంబరు, జనవరిలోనే కావాలి. అందుకని అప్పటి సూర్యుడికి ఎదురుగా ఉండేట్టు వాలు ఎక్కువ పెట్టించండి, 30 నుంచి 35. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీడ పడకూడదు, అదొక్కటీ గట్టిగా చూసుకోండి. ఇల్లు ఎక్కడ?

అనకాపల్లి_బెల్లం
అరకు.

కంచరపాలెం_కుర్రోడు
అరకులో డిసెంబరు పొద్దున్న స్నానమా, ధైర్యవంతులు.

గాజువాక_ఎలక్ట్రికల్
అరకయితే పొద్దున్న చాలాసేపు మంచు విడదు, కొండ నీడ కూడా ఉంటుంది. ట్యాంకులో కరెంటు కాయిల్ ఉన్న మోడల్ తీసుకోమనండి, పొగమంచు రోజుల్లో అదే దిక్కు. రాత్రి ట్యాంకులో నీళ్ళు చల్లారకుండా లోపలి పొర మందంగా ఉందో లేదో కూడా అడగండి.

అనకాపల్లి_బెల్లం
కాయిల్ ఎన్ని వాట్లది ఉంటుంది సాధారణంగా?

గాజువాక_ఎలక్ట్రికల్
2 కిలోవాట్లది. మామూలు గీజరు లాగే వేరే వైరు, వేరే ఎంసీబీ (తేడా వస్తే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించుకోండి.